తగ్గిన ఐదు వందల నలభై రెండు మంది

నెల్లూరు,
12 మే 1967

అక్కయ్యకు తమ్ముడు తిమోతి వందనాలు.

ఇక్కడ నేనూ, ప్రేమలీలా, పిల్లలూ బాగున్నాం. ప్రేమలీలకు పంటి నొప్పి తగ్గింది. నువ్వు చెప్పిన లవంగం వల్లనో, పన్ను పీకించడం వల్లనో తెలియదు. నీ మరదలు మాత్రం లవంగానికే ఓటు వేస్తోంది.

ఇక అసలు సంగతి. మా ఉద్యోగాల ఆఫీసులో నెలనెలా పట్టిక రాసేది తొమ్మిదేళ్లుగా నేనేనని నీకు తెలుసు. పని కావాలని జిల్లాలో ఎంతమంది పేర్లు నమోదు చేసుకుని ఉన్నారో ఆ పట్టిక చెబుతుంది. డిసెంబరు ఆఖరుకు 6,412. ఏప్రిల్ ఆఖరుకు 5,870. అంటే నాలుగు నెలల్లో 542 మంది తగ్గారు. నిన్న పేపర్లో కూడా వేశారు, ‘జిల్లాలో నిరుద్యోగం తగ్గుముఖం’ అని. ఆ ముక్క కత్తిరించి దీనితో పంపుతున్నాను. అందులో నా పేరు లేదు, కానీ ఆ అంకె రాసిన చెయ్యి నాది. ఆఫీసరుగారు గదిలోకి పిలిచి, "మంచి వార్త తెచ్చావయ్యా తిమోతీ" అన్నారు. తొమ్మిదేళ్లలో ఆయన నన్ను కూర్చోమనడం ఇదే మొదటిసారి.

ఇది నీ కొడుకు సమాధానానికి చదివి వినిపించు. రైలు వ్యాగన్ల ఆర్డర్లు ఆగిపోయి, పోయిన అక్టోబరులో మద్రాసు వర్క్‌షాపువాళ్లు తనను ఇంటికి పంపేసినప్పటినుంచి వాడు లోకమే ఆగిపోయినట్టు కూర్చున్నాడు. రెండేళ్లు వానలు లేవు, కార్ఖానాలకు పని లేదు, ఒప్పుకుంటాను. కానీ రోజులు తిరుగుతున్నాయి. వాడు నవంబరులోనే మా దగ్గర పేరు రాయించుకున్నాడు గనుక ఫిట్టర్ల వరసలో బాగా ముందున్నాడు. ఈ నెలాఖరున ఒక కంపెనీ ఆరుగురు ఫిట్టర్లను అడగబోతోందని వినికిడి. తొందరపడి మద్రాసు పోయి మూటలు మొయ్యవద్దని చెప్పు.

ఊరగాయ జాడీ ఖాళీ అయిందని రాయమని ప్రేమలీల అంటోంది. నేను రాయలేదనుకో.

నీ తమ్ముడు
తిమోతి


జువ్వలదిన్నె,
22 మే 1967

తమ్ముడు తిమోతికి అక్క రెబెక్కమ్మ దీవెనలు.

పేపరు ముక్క అందింది. పిల్లలు తీసివేత లెక్కలు నేర్చుకుంటారని మా బడి గోడకు అంటిద్దామనుకున్నాను. తరవాత మనసు రాలేదు.

నిన్న ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారిని అడిగి రెండు నిమిషాలు తీసుకున్నాను. "క్రిస్మస్ తరవాత కొత్తగా పని దొరికినవాళ్లు లేచి నిలబడండి" అన్నాను. ఒక్కరూ లేవలేదు. వెనక వరసలో ఒక ముసలాయన లేచాడు గానీ, కింద పడిన తువ్వాలు తీసుకోవడానికట. పోనీ పని పోయినవాళ్లు లేవండి అంటే సగం చర్చి లేచింది. కనుక తమ్ముడా, నీ 542 మందిలో మా ఊరివాళ్లు ఒక్కరు కూడా లేరని రాసిస్తాను. కావాలంటే వేలిముద్ర కూడా వేస్తాను.

ఆ ముక్క పెంచలమ్మకు కూడా చదివి వినిపించాను. చర్చి పక్కనే ఉంటుంది, నాట్లకూ కలుపులకూ పోయి బతికే మనిషి. చెరువు ఎండి రెండేళ్లుగా నాట్లు లేవు. అంతా శ్రద్ధగా విని, "మీ తమ్ముడి లెక్కలో నేను యాడుండా టీచరమ్మా? తగ్గినోళ్లలోనా, తగ్గనోళ్లలోనా?" అనింది. నువ్వే చెప్పు.

సమాధానం గడ్డం గీసుకోవడం మానేశాడు. పొద్దున్నే పోయి ఉప్పు కాలవ గట్టున కూర్చుంటాడు. మొన్న అన్నం తింటూ తింటూ తన చేతులు చూసుకుని, "ఇట్టనే ఉంటే ఇవి పని మరిచిపోతాయేమో అమ్మా" అన్నాడు. మీ బావ చనిపోయిన ఏడు వాడిని ఫిట్టరు చదువులో చేర్పించడానికి నేను పడిన పాట్లు నీకు తెలుసు. ఆ ఆరు పనుల్లో ఒకటి వాడికి రావాలి తిమోతీ. నాకు వేరే కోరిక లేదు.

ఊరగాయ బస్సులో పంపుతున్నాను. ఈ ఏడు ముక్కలు కూడా తగ్గుముఖమే. పేపరువాళ్లకు చెప్పకు.

అక్క
రెబెక్కమ్మ


నెల్లూరు,
3 జూన్ 1967

అక్కయ్యకు వందనాలు.

నీ ఉత్తరం చదివి ప్రేమలీల పడీపడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

నువ్వు చర్చిలో నిలబడి చూసింది ఒక ఊరు. నా ముందుండేది జిల్లా. మీ ఊళ్లో వాన పడనంతమాత్రాన ఎక్కడా పడలేదనలేం గదా. ఆ అంకెలు నేను పుట్టించినవి కావు. ఒక్కొక్క కార్డూ తీసి, రెండుసార్లు లెక్కబెట్టి వేసినవి. పెంచలమ్మ సంగతి అడిగావు. మా రిజిస్టరులో పేరు రాయించుకున్నవాళ్లకే మా లెక్క. ఆమె రాయించుకోలేదు, కనుక రెంటిలోనూ లేదు. ఇందులో నా తప్పేముంది?

ఫిట్టర్ల మాట. మే 29న ఆ కంపెనీకి ఆరు పనులకుగాను పద్దెనిమిది పేర్లు వెళ్లాయి. ఆ జాబితా తయారైన రెండు రోజులూ నేను ఆ గదిలోకి అడుగు పెట్టలేదు. మేనల్లుడి కోసం తిరుగుతున్నాడని ఎవరూ అనకూడదు. వాడి వరస ముందుంది గనుక ఈపాటికి పిలుపు అంది ఉంటుంది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించు. గడ్డం మాట నువ్వే చూసుకో.

తిమోతి


జువ్వలదిన్నె,
13 జూన్ 1967

తిమోతికి,

పిలుపు రాలేదు. కావలిలో మాల్యాద్రికి వచ్చింది. వాడూ ఫిట్టరే, జనవరిలో పేరు రాయించుకున్నాడు, మావాడి తరవాత రెండు నెలలకు.

నిన్న సైకిలు మీద వచ్చి సంతోషంగా చెప్పాడు పాపం. సమాధానం వాడికి మజ్జిగిచ్చాడు, అక్కడ ఏమేం అడుగుతారో చెప్పాడు, వీధి చివరిదాకా సాగనంపాడు. తరవాత లోపలికి వచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. "మామే నా పేరు పక్కన పెట్టేసి ఉంటాడమ్మా, ఎవురన్నా ఏమన్నా అనుకుంటారని" అన్నాడు. నాకూ అదే అనిపించింది.

నలుగురూ ఏమనుకుంటారోనని అక్క కొడుకును వెనక్కి నెట్టేటంత నిజాయితీ నీకెవరు నేర్పారు? మన నాన్న మాత్రం కాదు. వాడు వచ్చే సోమవారం మద్రాసు బండి ఎక్కుతానంటున్నాడు, మూటలు మొయ్యడానికే. నాకు నీ మీద చాలా కోపంగా ఉంది. బాధ అంతకన్నా ఎక్కువగా ఉంది.

రెబెక్కమ్మ


నెల్లూరు,
16 జూన్ 1967

అక్కా,

సమాధానాన్ని బండి ఎక్కనివ్వకు. ఇది చివరిదాకా చదువు, తరవాత ఎంత తిట్టినా పడతాను.

నీ ఉత్తరం అందగానే ఫిట్టర్ల సొరుగు తీసి చూశాను. వాడి కార్డు అందులో లేదు. అప్పుడు బీరువా మీద పురికొసతో కట్టి పడేసిన కట్ట దించాను. గడువు దాటి తీసేసిన కార్డులు అవి. మనవాడిది అందులో ఉంది. నవంబరులో పేరు రాయించుకున్నవాళ్లు ఫిబ్రవరి ఆఖరులోగా మళ్లీ వచ్చి కార్డు చూపించాలి, లేదా ‘నాకు ఇంకా పని కావాలి’ అని ఒక కార్డు ముక్క రాయాలి. ఆ తేదీ వాళ్లకిచ్చిన కార్డు వెనక వేసే ఉంటుంది. ఏ కబురూ లేకపోతే పేరు తీసేస్తాం. తీసేసిన పేరుకు పిలుపు వెళ్లదు. వాడిని నేను నెట్టలేదక్కా. వాడు రాయలేదు.

విచిత్రం ఏమిటంటే వాడి కార్డు కింద ఇంకో పది ఉన్నాయి. అన్నీ జువ్వలదిన్నెవే, అన్నీ ఒకే తేదీవి. పదకొండుమందిలో ఒక్కరు కూడా ఎందుకు రాయలేదు? వాళ్ల కార్డులు ఏమైనట్టు?

కట్ట ఎలాగూ విప్పాను గనుక రెండు సాయంత్రాలు కూర్చుని మొత్తం లెక్కబెట్టాను. ఆ నాలుగు నెలల్లో రిజిస్టరులోంచి తీసేసిన పేర్లు 1,130. కొత్తగా చేరినవి 588. తేడా నా 542. లెక్క ఎక్కడా తప్పు లేదు. కానీ ఆ 1,130 మందిలో పని దొరికినవాళ్లు 94 మంది. మిగిలిన 1,036 మంది కార్డు రాయనివాళ్లు. వాళ్లకు పని దొరికిందో, విసుగు పుట్టిందో, ఊరు వదిలి పోయారో ఎవరికీ తెలియదు.

అదే కాగితం మీద నాలుగు గీతల కింద ఇంకో గడి ఉంటుంది, కంపెనీలు మమ్మల్ని ఎన్ని పనులకు మనుషులను అడిగాయో. అది పోయిన ఏటితో పోలిస్తే సగానికి పడిపోయింది. అదీ నేనే రాశాను. పనులు సగమైతే పని దొరికినవాళ్లు ఎలా పెరుగుతారని నాకు తట్టలేదు. కాలం చెడి, జనం ఆశ వదులుకుని కార్డు రాయడం మానేస్తే మా అంకె తగ్గుతుంది. దాన్ని చూసి నేను నీకు మంచి రోజులు వచ్చాయని రాశాను. తొమ్మిదేళ్లు ఆ కట్ట నా నెత్తిమీదే ఉంది, ఒక్కసారి విప్పలేదు. సిగ్గుగా ఉంది.

తిమోతి


జువ్వలదిన్నె,
20 జూన్ 1967

నా తమ్ముడు తిమోతికి,

ఈ ఉత్తరం రాయడానికి మూడుసార్లు కూర్చుని లేచాను.

ఆ పదకొండు కార్డులూ నా దగ్గర ఉన్నాయి.

మన ఊరి సంగతి నీకు చెప్పాలా? తాటాకు ఇళ్లు. నిప్పంటుకుంటే గంటలో బూడిద, తుఫాను వస్తే గడపదాకా నీళ్లు. అందుకే మన సంఘంలో ఎవరి విలువైన కాగితమైనా చర్చిలో, బాప్తిస్మం రిజిస్టరు ఉండే ఇనప్పెట్టెలో పెడతాం. తాళంచెవి నా కొంగునే ఉంటుంది. నవంబరులో సమాధానం పదిమంది కుర్రాళ్లను వెంటబెట్టుకుని నెల్లూరు వచ్చి అందరి పేర్లూ రాయించాడు గదా. తిరిగి రాగానే ఆ కార్డులన్నీ నేనే అడిగి తీసుకున్నాను. మైనపు గుడ్డలో చుట్టి, రిజిస్టరు కింద భద్రంగా పెట్టాను. "మాకెందుకు, టీచరమ్మ దగ్గరుండాయి" అని వాళ్లు నిశ్చింతగా ఉన్నారు.

బాప్తిస్మం రిజిస్టరులో పేరు ఒకసారి ఎక్కితే ఎక్కినట్టే. మన తాత పేరు ఇప్పటికీ ఉంది. నేను ఇంకా ఈ సంఘంలోనే ఉన్నానని మూడు నెలలకొకసారి ఎవరూ కార్డు రాయనక్కర్లేదు. రిజిస్టరంటే అంతేననుకున్నాను. వెనక ఉన్న తేదీ చూశాను కూడా, ఆఫీసు ముద్ర కాబోలు అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లలకు చదవడం నేర్పుతున్నదాన్ని నేను.

నీ 542 మందిలో మా ఊరివాళ్లు ఒక్కరూ లేరని వేలిముద్ర వేస్తానన్నాను. పదకొండుమంది ఉన్నారు తమ్ముడూ. వాళ్లను తగ్గించింది నేనే.

ఆదివారం చర్చిలో పెట్టె తీసి, అందరిముందూ చెప్పేశాను. కుర్రాళ్లు తలలు వంచుకున్నారు, నన్ను ఒక్క మాట అనలేదు. ఆ మర్యాద తిట్టుకన్నా కష్టంగా ఉంది. సమాధానం కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు. "అమ్మా, గవర్నమెంటోళ్ల వల్ల కాని పని నువ్వొక్కదానివే చేసినావు. పదకొండుమందికి నిరుద్యోగం పోగొట్టినావు" అని నవ్వడం మొదలుపెట్టాడు. అక్టోబరు తరవాత వాడి నవ్వు వినడం ఇదే మొదటిసారి. చర్చి అంతా నవ్వింది. నేను ఏడ్చాను. నిన్న బండి ఎక్కలేదు వాడు. మామను అనుమానించినందుకు క్షమించమని రాయమన్నాడు. నేను కూడా అనుమానించాను. నన్ను కూడా క్షమించు.

ఒక్కటి అడుగుతాను. వాడికి ఆ పాత నవంబరు తేదీ మళ్లీ వెయ్యడం కుదురుతుందా? నా తప్పుకు వాడు వెనక్కి పోవడమేమిటి?

వచ్చే నెలలో అందరూ నెల్లూరు వస్తున్నారు. పెంచలమ్మ కూడా వస్తానంటోంది.

అక్క


నెల్లూరు,
20 జూలై 1967

అక్కయ్యకు,

పోయిన గురువారం మీ దండు దిగింది. పెంచలమ్మ ముందు, కుర్రాళ్లు వెనక. నీ మరదలు పన్నెండుమందికీ పులిహోర చేసి పెట్టింది.

పాత తేదీ వెయ్యలేదు. అది నా చేతిలో లేదు, ఉన్నా వెయ్యను. ఆ కట్టలో ఇంకా వెయ్యి ఇరవై అయిదుమంది ఉన్నారు, వాళ్లకు మామలు లేరు. ఈ మాట సమాధానానికి ఎలా చెప్పాలా అని పొద్దుటినుంచి సతమతమయ్యాను. వాడు కిటికీ దగ్గరికి వచ్చి నా ముఖం చూసి, "ఈ పొద్దు తేదీనే వెయ్యి మామా" అన్నాడు. ఆ తేదీనే వేశాను. నీ పెంపకం మంచిదక్కా.

తరవాత పెంచలమ్మ. "ఏం పనులు తెలుసు?" అని అడిగాను. "నాట్లేస్తా, కలుపు తీస్తా, శెనక్కాయ పెరుకుతా, ఉప్పు మోస్తా, కాన్పులు చేస్తా, ఇల్లు మెత్తుతా" అని చెబుతూనే ఉంది. కార్డులో చోటు చాలక వెనకవైపు రాశాను. ఆఫీసరుగారు వచ్చి చూసి, "ఈవిడ కోసం మనల్ని ఎవరు అడుగుతారయ్యా?" అన్నారు. "అడగకపోవచ్చు సార్. పని లేదన్నది మాత్రం నిజం గదా" అన్నాను. ఆయన కూర్చోమనలేదు, కాదని కూడా అనలేదు.

మొన్న ఆయనకు ఒక కాగితం రాసి ఇచ్చాను. ఇకనుంచి తగ్గిన పేర్లను రెండు గడులుగా వేద్దామని, పని దొరికినవాళ్లు వేరు, గడువు దాటినవాళ్లు వేరు అని. "పని దొరికింది ఇంతమందికేనని పంపితే పైవాళ్లు నన్ను అడుగుతారయ్యా" అన్నారు. కానీ చదివారు. 94 అన్న చోట వేలు పెట్టి చాలాసేపు ఉంచారు. సాయంత్రానికి సంతకం చేసి పైకి పంపారు. గడువు తేదీల సంగతి ప్రతి పంచాయతీకీ, ప్రతి బడికీ రాయమని నాకు చెప్పారు. మొదటి ఉత్తరం ఏ బడికి రాశానో నీకు తెలుసు.

ఇప్పుడెవరైనా నా అంకెను నమ్మాలా అని అడిగితే, కార్డుల లెక్కగా నమ్మండి, మనుషుల లెక్కగా మాత్రం పక్క గడి చూడకుండా నమ్మకండి అంటాను.

తిమోతి


జువ్వలదిన్నె,
9 అక్టోబరు 1967

తమ్ముడు తిమోతికి, మరదలికి, పిల్లలకు అక్క ముద్దులు, దీవెనలు.

మూడు వానలు పడ్డాయి. చెరువులో గొడ్లు మునిగేటంత నీళ్లున్నాయి. ఇంతకాలం ఉత్తరం ఎందుకు రాయలేదంటే, ఒక సంగతి నిలకడగా తేలేదాకా రాయకూడదనుకున్నాను.

జూలైలో మీ దగ్గరినుంచి వస్తూ మనవాళ్లు కావలిలో బస్సు మారారు. బస్సు గంట ఆలస్యం. స్టాండు పక్కనే పద్మనాభయ్య అనే ఆయన షెడ్డు, బావుల మీద పెట్టే ఆయిల్ ఇంజన్లు బాగుచేస్తారు. ఒక రైతు ఇంజను బండి మీద తెచ్చి, అది ఎంతకీ అందుకోక తల పట్టుకుని కూర్చున్నాడట. సమాధానం కాసేపు దూరంగా నిలబడి చూశాడు. తరవాత చేతులు ఊరుకోలేదు. బస్సు వచ్చింది, పోయింది. ఇంజను ఆడింది. పద్మనాభయ్య వాడిని ఎగాదిగా చూసి, "ఏం అబ్బయా, రేపు కూడా ఈడనే నిలబడి బస్సు కోసం చూస్తావా?" అన్నాడట.

ఆ రేపటినుంచి రోజూ పోతూనే ఉన్నాడు. ముందు రోజు కూలి. రెండేళ్ల కరువులో అందరూ బావులు లోతు చేసుకున్నారు గనుక ఇంజన్లకు కొదవ లేదు. ఈ నెల ఒకటినుంచి నెల జీతానికి ఖాయం చేశాడు. మనవాడు గడ్డం గీసుకుంటున్నాడు. చేతులు ఎంత కడిగినా నల్లగానే ఉంటున్నాయి, ఆ నలుపు చూస్తే నాకు అన్నం సహిస్తోంది. నేను కార్డులు పెట్టెలో పెట్టకపోతే వాడు ఆ రోజు కావలిలో నిలబడేవాడు కాదని అయ్యగారు నన్ను ఓదారుస్తున్నారు. ఓదార్పు తీసుకున్నాను గానీ, తాళంచెవి మాత్రం ఆయనకే ఇచ్చేశాను.

ఒకటి గమనించావా? మూడు నెలలుగా వాడు పని చేస్తూనే నీ పని లేనివాళ్ల లెక్కలో ఉన్నాడు. నీ అంకె ఇటువైపు కూడా తప్పుతుంది. ఇంకో గడి గీసుకో. పెంచలమ్మకు కూడా ఒకటి కావాలి. నాట్లు మొదలవుతున్నాయి, ఇరవై రోజులు పని, తరవాత మళ్లీ లేదు. "ఆ ఇరవై దినాలు నన్ను యాడ పెడతారు టీచరమ్మా?" అంటోంది. టపా మనిషి కనిపిస్తే చాలు, తనకు పిలుపు వచ్చిందా అని అడుగుతుంది. లేదన్నా దిగులు పడదు. నా పేరు ఉందిగదా అంటుంది.

ఇప్పుడు కార్డుల తేదీలు బడి గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉన్నాయి. ఈ నెలాఖరు గడువుకు మూడు వారాల ముందే పన్నెండు కార్డులూ బల్ల మీద పరిచాను. పదకొండింటికి ‘నాకు ఇంకా పని కావాలి’ అని రాయించి, నిన్ననే టపాలో వేశాను. పెంచలమ్మ తన వేలిముద్ర రెండుసార్లు వేసింది, ఒకటి సరిగా పడలేదని.

పన్నెండోది దీనితో పంపుతున్నాను. నీ మేనల్లుడిది. వేరే ఎవరికీ ఇవ్వకుండా నువ్వే రిజిస్టరు తెరిచి, నీ చేత్తోనే ఈ పేరు కొట్టెయ్యి తమ్ముడూ. గడువు దాటి అని కాదు, పని దొరికి అని రాయి.

అక్క
రెబెక్కమ్మ